ఆ గడ్డి జాగాను చదును చేయించకండి: మన భవన కమిటీకి బహిరంగ లేఖ

ఇంగ్లండ్‌లోని మన తెలుగు సంఘం భవన కమిటీ పెద్దలకు, సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఆదివారం మీటింగులో నేను మాట్లాడదామని లేచేసరికి హాలు ఖాళీ చేయాల్సిన టైమైపోయింది. అందుకే ఈ ఉత్తరం. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, ఇది ముందు మనలో మనం తేల్చుకోవాల్సిన విషయం. ఇక్కడి స్థానిక కౌన్సిల్‌కి ఇంగ్లీషులో ఏం రాయాలన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.

చర్చి వెనక మనం కొన్న గడ్డి జాగాలో కమ్యూనిటీ హాలు కడతామని అప్లికేషన్ పెట్టాం. కౌన్సిల్ ప్లానింగ్ ఆఫీసు నుంచి జవాబొచ్చింది. నిర్ణయం తీసుకునే ముందు ఆ నేలలో పాత కాలం ఆనవాళ్లు ఏమైనా ఉండే అవకాశం ఉందా లేదా అన్న పురావస్తు అంచనా కావాలన్నారు. మొదట కాగితాలు, మ్యాపుల పరిశీలన, తర్వాత నేల మీద సర్వే, అవసరమైతే పరీక్ష కందకాలు. ఆ ఉత్తరం చదవగానే మీటింగులో మూడు మాటలు వినిపించాయి. "మనం బయటివాళ్లం కాబట్టే ఈ తిప్పలన్నీ" అన్నది ఒకటి. "మన డబ్బు, మన స్థలం, మధ్యలో వీళ్లెవరు" అన్నది రెండోది. మూడోది వెనక వరసలోంచి వచ్చింది. "వాళ్లు వచ్చేలోపే జేసీబీ పెట్టి చదును చేయిస్తే గొడవే ఉండదు కదా."

ఆ మూడో మాట విన్నాక నాకు రెండు రాత్రులు సరిగ్గా నిద్ర పట్టలేదు. అన్నాయన మన సంఘానికి ఎంత చేశారో నాకు తెలుసు. ఆయన మీద నాకు కోపం లేదు. కానీ ఆ మాటకి నలుగురైదుగురు తలలూపారు, కాదన్నవాళ్లు లేరు. ఆ రోజు నేనూ అనలేదు. ఇప్పుడు అంటున్నాను. దయచేసి ఆ పని చేయకండి. ఈ అంచనా మాకక్కర్లేదని కౌన్సిల్‌కి అభ్యంతరం రాయాలని ఆ మీటింగులోనే చేసిన తీర్మానం కూడా వెనక్కి తీసుకుందాం.

బయటివాళ్లం కాబట్టి అడిగారన్న మాట ముందు చూద్దాం. ఈ దేశంలో మనకు ఎదురయ్యేదంతా న్యాయమే అని నేను చెప్పను, అందరికీ అనుభవాలున్నాయి. కానీ ఇది అది కాదు. 1989లో లండన్‌లోని సదర్క్‌లో ఒక ఆఫీసు భవనానికి పునాదులు తీస్తుంటే షేక్‌స్పియర్ కాలం నాటి రోజ్ థియేటర్ ఆనవాళ్లు బయటపడ్డాయి. అప్పటికే పర్మిషన్ ఇచ్చేశారు, యంత్రాలు వచ్చేశాయి. పెద్ద పెద్ద నటులు, మామూలు జనం అక్కడికొచ్చి కూర్చున్నారు. చివరికి భవనం డిజైన్ మార్చి ఆ ఆనవాళ్లను కింద అలాగే ఉంచారు. అందరికీ డబ్బు పోయింది, టెన్షన్ మిగిలింది. ఆ మరుసటి ఏడాది, 1990 నవంబర్‌లో, ప్రభుత్వం పీపీజీ 16 అనే మార్గదర్శకం తెచ్చింది. దాని సారం ఒక్కటే. నేల కింద ఏముందో పర్మిషన్‌కి ముందే తెలుసుకోవాలి, నేలను కదిలించేవాళ్లే ఆ ఖర్చు పెట్టుకోవాలి. తర్వాత పేర్లు మారాయి, 2012 నుంచి అది నేషనల్ ప్లానింగ్ పాలసీ ఫ్రేమ్‌వర్క్‌లో భాగం. మాటల్లో తేడా ఉన్నా పద్ధతి అదే. ఇక్కడి పాత ఊళ్లలో ఇళ్లు కట్టే పెద్ద కంపెనీలను, రోడ్లు వేసేవాళ్లను, స్కూలుకి కొత్త గది కట్టేవాళ్లను కూడా ఇదే అడుగుతారు.

వాళ్లు ఎందుకు అడుగుతారో చెప్పడానికి హార్పోల్ ఒక్కటి చాలు. నార్తాంప్టన్ పక్కన ఉన్న ఊరది. అక్కడ కొత్త ఇళ్లు కట్టేముందు మ్యూజియం ఆఫ్ లండన్ ఆర్కియాలజీ వాళ్లు తవ్వారు. వారాల తరబడి తవ్వినా చెప్పుకోదగ్గదేమీ పెద్దగా రాలేదు. 2022 ఏప్రిల్‌లో, ఇక సర్దుకుని వెళ్లిపోయే రోజులు దగ్గరపడినప్పుడు, మట్టిలో బంగారం మెరిసింది. అది ఒక స్త్రీ సమాధి. ఆమె మెడలో బంగారం, గార్నెట్ అనే ఎర్రరాళ్లు, గాజు, పాత రోమన్ నాణేలతో చేసిన 30 బిళ్లలు, పూసలు ఉన్నాయి. క్రీస్తుశకం 630కి, 670కి మధ్య పూడ్చి ఉంటారని లెక్క కట్టారు. ఆమె శరీరంలో మిగిలింది పంటి పైపొర ముక్కలు మాత్రమే. పక్కన ఒక పెద్ద శిలువ ఉంది. ఈ దేశంలో క్రైస్తవం అప్పుడప్పుడే పాదుకొంటున్న రోజుల్లో, ఆ మతంలో పెద్ద స్థానంలో ఉన్న స్త్రీ అయ్యుండొచ్చని అంటున్నారు. పైన చూస్తే మామూలు పొలం. ఆమె పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఆ తవ్వకం జరగకపోయుంటే ఆ మట్టి లారీలో ఎటో వెళ్లిపోయేది.

గార్నెట్ అన్నాను కదా, ఇక్కడ ఒక మాట చెప్పాలి. 5, 6 శతాబ్దాల్లో పశ్చిమ యూరప్‌లో చేసిన నగల్లోని గార్నెట్లను పరీక్షిస్తే చాలావాటి మూలం భారతదేశం, శ్రీలంక అని తేలింది. హార్పోల్ రాళ్లు ఎక్కడివో నేను చెప్పడం లేదు. కానీ మన కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్టలో ప్రాచీన కాలం నుంచే గార్నెట్ తీసేవాళ్లని పరిశోధకులు రాశారు. ఇంగ్లండ్ మట్టిలోంచి ఒక ఎర్రరాయి బయటికొచ్చినప్పుడు "అది వాళ్ల చరిత్ర, మనకెందుకు" అని నేను అనలేను.

ఇప్పుడు మన జాగా సంగతి. రిజిస్ట్రేషన్ రోజు అందరం అక్కడ ఫొటో దిగాం. మిట్టపల్లాలుగా ఉంది, లెవెల్ చేయించాలి అని అందరూ అన్నారు. ఆ మిట్టపల్లాలు ఏమిటో తెలుసుకుందామని నేను ఈ రెండు నెలల్లో నాలుగుసార్లు వెళ్లాను. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు చూడాలి. మిట్టమధ్యాహ్నం కనిపించనివన్నీ నీడల్లో తేలతాయి.

వాగు వైపు సగం జాగాలో వరసగా బోదెలున్నాయి. మన చెరకు తోట బోదెల్లాంటివి కావు, వాటికంటే చాలా వెడల్పు. మధ్యయుగంలో బరువైన నాగలితో దున్నుతూ మట్టిని ఎప్పుడూ మధ్యకే తిప్పడం వల్ల ఏళ్ల మీద అలా గట్టుల్లా లేచాయి. ఇంగ్లండ్ నడిమి ప్రాంతం మిడ్‌లాండ్స్ అంతా ఒకప్పుడు ఇవే ఉండేవి, ట్రాక్టర్లు వచ్చాక చాలావరకు పోయాయి. గమనిస్తే అవి తిన్నగా ఉండవు, ఎస్ అక్షరాన్ని తిరగేసినట్టు చిన్న వంపు ఉంటుంది. ఎద్దుల బారును చేను చివర తిప్పడానికి చోటు చాలక, ముందునుంచే పక్కకు మళ్లించేవాళ్లు. ఆ మళ్లింపు నేలలో అలాగే నిలిచిపోయింది. ఎడ్లు తోలిన ఇంట్లో పుట్టిన మన పెద్దవాళ్లు ఎవరైనా ఆ వంపు చూస్తే నేను చెప్పక్కర్లేకుండానే అర్థం చేసుకుంటారు.

చర్చి వైపు బోదెలు లేవు. అక్కడ నలుచదరంగా నాలుగైదు అరుగుల్లాంటివి ఉన్నాయి. వాటి మధ్యనుంచి ఒక పల్లపు దారి పోతుంది, ఇప్పుడు ఎక్కడికీ పోని దారి. పాత చర్చి పక్కన ఇలాంటివి కనిపిస్తే, ఒకప్పుడు ఊరు అంతవరకూ ఉండేదని, తర్వాత కుంచించుకుపోయిందని ఇక్కడివాళ్లు అనుమానిస్తారు. ఆ అరుగులు ఇళ్లు నిలిచిన చోట్లు కావచ్చు. ఇంటికొచ్చి ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ వాళ్ల లైడార్ పటం చూశాను. విమానం నుంచి లేజర్‌తో నేల ఎత్తులు కొలిచి చేసిన పటం అది, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అరుగులు, దారి అందులో గీత గీసినట్టు కనిపిస్తున్నాయి. మన హాలు ప్లాన్ దాని మీద పెట్టి చూస్తే డైనింగ్ హాలు, వంటగది సరిగ్గా ఆ అరుగుల మీదికొస్తాయి. కారు పార్కింగు బోదెల మీదికొస్తుంది.

తర్వాత కౌంటీ రికార్డ్ ఆఫీసుకి వెళ్లాను. 18వ శతాబ్దంలో పొలాలకు కంచెలు వేసి పంచినప్పుడు గీసిన మ్యాపు ఒకటి ఉంది. దాని మీద మన జాగా పేరు బ్లాక్‌లాండ్స్ అని రాసి ఉంది. నల్ల నేలలు అని. ఆ పేరు చదవగానే నాకు అమ్మమ్మ ఊరు గుర్తొచ్చింది.

గుంటూరు జిల్లాలో అమ్మమ్మ వాళ్ల ఊరి బయట పాటి దిబ్బ ఉండేది. వేసవిలో బళ్లు కట్టుకుని పోయి పాటిమన్ను తవ్వి తెచ్చి చేలకు తోలేవాళ్లు. ఆ మన్ను నల్లగా, బూడిద కలిపినట్టు మెత్తగా ఉండేది. తవ్వుతుంటే కుండపెంకులు, పూసలు, ఎముకలు వచ్చేవి. పూసలు మేం పిల్లలం దారానికి గుచ్చుకునేవాళ్లం. ఒకప్పుడు అక్కడ ఊరు ఉండేదని అందరికీ తెలుసు, ఎవరి ఊరో ఎవరికీ తెలియదు. నా చిన్నప్పుడు మనిషెత్తు ఉన్న దిబ్బ, పెళ్లయ్యాక వెళ్లి చూస్తే నేలమట్టం. ఇక ఎవరూ తెలుసుకోలేరు. మనుషులు తరాల తరబడి కాపురమున్న చోట పొయ్యి బూడిద, చెత్త, పెంట కలిసి నేల నల్లబడుతుంది. ఇంగ్లండ్‌లో కూడా బ్లాక్‌లాండ్స్ అన్న పేరున్న పొలాల్లో కొన్నిచోట్ల రోమన్ కాలపు నివాసాలు బయటపడ్డాయి. ప్రతి చోటా అంతే అని కాదు, కానీ చూడకుండా వదిలేసే పేరు కాదు.

ఒకచోట ఇలాంటి సూచనలు ఇన్ని ఉన్నప్పుడు ప్లానింగ్ ఆఫీసులో పురావస్తు సలహాదారు అంచనా అడగకపోతేనే తప్పు. ప్రతి కౌంటీకి హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ రికార్డ్ అని ఒకటి ఉంటుంది. ఎవరి పొలంలో ఏం దొరికింది, ఎక్కడ తవ్వారు, ఎక్కడ తవ్వినా ఏమీ లేదు, అన్నీ అందులో నమోదవుతాయి. మన అప్లికేషన్ రాగానే వాళ్లు దాన్నే చూసుంటారు, మన ముఖాల్ని కాదు.

ఖర్చు, ఆలస్యం గురించి కమిటీ భయపడటం నాకు అర్థమవుతుంది. ఆ డబ్బు నైట్ షిఫ్టులు చేసినవాళ్లు ఇచ్చింది, పిల్లల పుట్టినరోజు ఖర్చు తగ్గించుకుని ఇచ్చింది. నేనూ ఇచ్చాను. నేను పనిచేసేది నిర్మాణ రంగంలోనే కాబట్టి ఆ వైపు నుంచి కూడా చెబుతాను. కొన్నేళ్ల క్రితం నేను సైట్ ఇంజినీర్‌గా ఉన్న ఒక ప్రాజెక్టులో ఈ అంచనాను నామమాత్రంగా కానిచ్చి పని మొదలుపెట్టారు. పునాది స్తంభాలు నేలలోకి దించే పైలింగ్ యంత్రం అద్దెకు తెచ్చాం. మూడో రోజు మనుషుల ఎముకలు వచ్చాయి. పని ఆగింది. యంత్రం కదలకపోయినా అద్దె ఆగదు, కూలీల షెడ్యూలు ఆగదు. వారాలు గడిచాయి. ముందే పరీక్షించి ఉంటే ఆ భవనాన్ని కొద్ది మీటర్లు జరిపి కట్టేవాళ్లం. డ్రాయింగ్ దశలో జరపడానికి ఒక పెన్సిల్ చాలు. పునాది పడ్డాక జరపడానికి ఏదీ చాలదు.

మొదటి మెట్టు, అంటే రికార్డులు, మ్యాపులు, పాత ఫొటోలు చూసి రిపోర్టు రాయడం. దీనికి నేను మూడు చోట్ల కొటేషన్లు అడిగాను. మూడూ పోయిన ఉగాది ఫంక్షన్‌కి మనం పెట్టిన ఖర్చుకంటే తక్కువే. రెండో మెట్టులో ఇద్దరు మనుషులు అయస్కాంతాన్ని కొలిచే పరికరం పట్టుకుని గడ్డి మీద వరసలుగా నడుస్తారు. కాలిన పొయ్యి చోటు, మట్టితో పూడిపోయిన కందకం పక్క నేలకంటే వేరుగా కనిపిస్తాయి. గడ్డి పరక కూడా పాడవదు. ఆ రెండింటిలో అనుమానం బలపడితేనే కందకాలు. అవి కూడా జాగాలో కొద్ది భాగమే. అక్కడా జేసీబీయే వస్తుంది, కానీ పళ్లు లేని బకెట్‌తో, పక్కన నిలబడ్డ పురావస్తు నిపుణుడు చెయ్యెత్తితే ఆగేలా, పొర పొరగా గీస్తుంది. దాని వెనక నడిచేవాళ్లు మట్టి రంగు చూస్తారు. స్తంభం కుళ్లిపోయినా ఆ గుంట వేరే రంగులో మిగిలే ఉంటుంది. ఒక కొయ్య ఇంటికి ఒక్కోసారి మిగిలే సాక్ష్యం ఆ రంగు తేడా ఒక్కటే. మనం చదును చేయిస్తే పోయేది అదే.

"ఏదైనా దొరికితే కట్టనివ్వరేమో" అని ఒక అక్క అడిగారు. న్యాయమైన భయం. దొరికింది ఎంత ముఖ్యమైందన్న దాన్ని బట్టి ఉంటుంది. మామూలుగా అయితే హాలును పక్కకు జరపమంటారు, లేదా లోతు పునాదుల బదులు పైపైన పరిచే పునాది వేయమంటారు, లేదా కట్టే మేర పూర్తిగా తవ్వి, ఫొటోలు, కొలతలు తీసి, రిపోర్టు రాసి, తర్వాత కట్టుకోమంటారు. ఏమీ దొరక్కపోవచ్చు కూడా. అప్పుడు ఏమీ లేదన్న సంగతి రికార్డులోకి ఎక్కుతుంది, మనకు దారి సాఫీ అవుతుంది. చర్చి పక్క స్థలం కాబట్టి పాత శ్మశానం ఇప్పటి గోడ దాటి మన జాగాలోకి వచ్చి ఉండొచ్చు. అలా ఉంటే ఎముకలు తీయడానికి 1857 నాటి చట్టం కింద లైసెన్సు కావాలి. నార్ఫోక్‌లోని గ్రేట్ రైబర్గ్‌లో 2016లో ఒక చెరువు, వరద కట్ట పని కోసం తవ్వితే వెయ్యేళ్లు దాటిన ఆంగ్లో-సాక్సన్ కాలపు 81 శవపేటికలు వచ్చాయి, ఒక్కొక్కటీ చెట్టు మాను తొలిచి చేసింది. అక్కడ అంత పెద్ద శ్మశానం ఉందని ఎవరికీ తెలియదు. మనం అన్నం వడ్డించే గది కింద ఎవరున్నారో ముందే తెలుసుకోవడం మంచిదా, తర్వాతా?

దీనికి మన దగ్గర మాట లేకపోలేదు. వాస్తు చూసే పంతులుగారిని ఈ మధ్యే పిలిచి స్థలం చూపించాం. ఇల్లు కట్టేముందు భూపరీక్ష చేయాలని, నేలలో ఎముకలు, బూడిద, పెంకులు ఉంటే శల్యదోషమని, తవ్వి చూసి శల్యోద్ధారం చేయాలని, అంటే వాటిని తీసేయాలని మన శాస్త్రమే చెబుతుంది. పురావస్తు వాళ్ల ఉద్దేశం వేరు, మన ఉద్దేశం వేరు. మనం తీసేయడానికి చూస్తాం, వాళ్లు తెలుసుకోవడానికి చూస్తారు. కానీ కట్టేముందు నేలను తవ్వి చూడాలన్న దాంట్లో ఇద్దరికీ తేడా లేదు. పంతులుగారి దక్షిణకి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కదా.

ఒక మామూలు ఊరి నేల ఏం చెబుతుందో నేను చేత్తో తవ్వి చూశాను. ఇక్కడ నేనుండే ఊరి చరిత్ర సంఘంతో కలిసి మూడేళ్లుగా సెలవు రోజుల్లో పరీక్ష గుంటలు తవ్వుతున్నాను. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు. 10 సెంటీమీటర్ల చొప్పున దిగుతూ ప్రతి పెంకును కడిగి సంచిలో వేస్తాం. ఒక్క గుంటలో పెద్దగా ఏమీ ఉండదు. కానీ కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నుంచి కరెంజా లూయిస్ అనే పురావస్తు శాస్త్రవేత్త తూర్పు ఇంగ్లండ్‌లో 55 ఊళ్లలో ఊరివాళ్లతో, స్కూలు పిల్లలతో ఇలాంటి గుంటలు దాదాపు 2,000 తవ్వించారు. ఇళ్ల పెరళ్లలో, తోటల్లో. ఆ పెంకులన్నీ లెక్కేస్తే 1348లో వచ్చిన ప్లేగు మహమ్మారి తర్వాత కుండపెంకులు దొరికే చోట్లు సుమారు 45 శాతం తగ్గిపోయాయి. రాజుల కాగితాల్లో లేని మామూలు జనం ఎంతమంది పోయారో పెరటి మట్టి చెప్పింది. మన జాగాలో ఆ అరుగులు ఎందుకు ఖాళీ అయ్యాయో నాకు తెలియదు. జబ్బు వచ్చి ఉండొచ్చు, గొర్రెల కోసం యజమాని జనాన్ని లేపేసి ఉండొచ్చు, మెల్లగా వలస పోయి ఉండొచ్చు. వలస వచ్చినవాళ్లం మనం. ఇళ్లు వదిలి పోయినవాళ్ల గుర్తులు మన చేతికి వచ్చాయి.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. పిల్లల్ని తీసుకుని బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూడ్డానికి వెళ్లాం, గుర్తుందా? వందకు పైగా రాళ్లు, గాజు గది అవతల. అందరం బాధపడ్డాం, మావి ఇక్కడెందుకు ఉన్నాయని. ఆ కోపం న్యాయమే. కానీ ఆ కథ మొదలైంది ఎక్కడో కూడా చూడాలి. 1790లలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు కొత్త పట్నం కట్టిస్తుంటే రాళ్ల కోసం దీపాలదిన్నెను, అంటే అమరావతి స్తూపం ఉన్న దిబ్బను తవ్వారు. కంపెనీ సర్వే అధికారి మెకంజీ దొర ఒకసారి చూసి వెళ్లి, 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వేసి ఉంది. మన ఊళ్లో, మన చేతులతో. మళ్లీ మన నేల మీదే 1954 నుంచి 1960 వరకు, నాగార్జునసాగర్ నీళ్లు రాకముందే, నాగార్జునకొండ లోయ అంతా తవ్వి, ఎత్తగలిగినవి కొండ మీదికి చేర్చారు. డ్యామూ వచ్చింది, ఆ ఊళ్లు ఎలా ఉండేవో కూడా తెలిసింది.

నేను కమిటీని అడిగేవి ఇవి. అభ్యంతరం ఉత్తరం పంపొద్దు. జాగాలోకి ఏ యంత్రమూ రాకూడదని ఇప్పుడే తీర్మానం చేయండి. పర్మిషన్ లేకుండా నేల లెవెల్ మార్చడం చట్టం ముందు కూడా నిలబడదు. మొదటి మెట్టు రిపోర్టుకి ఆర్డర్ ఇవ్వండి, అది వచ్చేదాకా ఆర్కిటెక్ట్‌ని చివరి డ్రాయింగులు ఆపమనండి. కందకాలు తవ్వాల్సి వస్తే మన పిల్లల్ని, ఊళ్లోవాళ్లని కలిపి ఒకరోజు చూడనిమ్మని నేను ఆ సంస్థని అడుగుతాను. ఈ పనుల వెంట తిరగడానికి, కాగితాలు చూడటానికి ఫీజు లేకుండా నేను ఉంటాను.

ఈ శనివారం ఎండ ఉంటుందంటున్నారు. మధ్యాహ్నం మూడింటికి జాగా గేటు దగ్గర ఉంటాను. ఆ పల్లపు దారిలో నడుచుకుంటూ పోదాం. ముఖ్యంగా వెనక వరస బాబాయ్‌గారు రావాలి, ఆయన పొలం దున్నిన మనిషి, ఆ బోదెల వంపు ఆయనకే చూపించాలనుంది. వాగు వైపు తడిగా ఉంది, గంబూట్లు వేసుకుని రండి.

మీ
సంఘం సభ్యురాలు